కోర్‌బ్రిడ్జ్ రకం రోమన్ కవచం: ఇత్తడి బందులు పగిలిపోతున్నాయి, ఏం చెయ్యాలి?

రేకులరాయుడు:

నమస్కారం అందరికీ. కోర్‌బ్రిడ్జ్ 'ఏ' (A) రకం లోరికా సెగ్మెంటాటా, అంటే ఇనప పలకలు కలిపి చేసే రోమన్ సైనికుల కవచం, చేస్తున్నాను. ఛాతీ భాగాన్నీ నడుం భాగాన్నీ తోలు పట్టీలూ బకిళ్లూ కలిపే రకం, కొక్కేలది కాదు. రేకు 1.2 మిల్లీమీటర్ల కోల్డ్ రోల్డ్ స్టీలు. బందులకీ బకిళ్లకీ 0.8 ఇత్తడి రేకు. లోపలి పట్టీలకి చెట్టు బెరడుతో పదును చేసిన తోలు. యంత్రాలేమీ లేవు. రేకు కత్తెర, రెండు మూడు సుత్తులు, ఒక వైసు, ఒక చెక్క దుంగ, ఆకురాళ్లు, కంసాలి రంపం, అంతే.

నడుం చుట్టూ వచ్చే పట్టీలు బాగానే కుదిరాయి. భుజాల దగ్గరికొచ్చేసరికి తల ప్రాణం తోకకొస్తోంది. మెడ పక్కన ఉండే పలకని ముందు ఛాతీ పలకకీ వెనక వీపు పలకకీ కలిపే బందులున్నాయి కదా, అవీ, పై భుజం పట్టీ మూడు ముక్కల్ని కలిపే బందులూ ఒకదాని తర్వాత ఒకటి పోతున్నాయి. చెయ్యి పైకెత్తితే టిక్కుమంటుంది. చూస్తే చీల చుట్టూ తిప్పిన గొట్టం దగ్గర వెంట్రుకంత పగులు. ఇంకోసారి ఎత్తేసరికి అది బందు వెడల్పంతా పాకుతుంది. ఆ తమ్మెల ఆకారం కోసి, ఆకురాయితో అంచులు నున్నగా చేసి, మధ్యలో గీతల వలయాలు గీసి, ఇంత చాకిరీ చేశాక అది రెండు ముక్కలై చేతిలోకొస్తే ఎలా ఉంటుందో ఇక్కడున్న వాళ్లకి చెప్పక్కర్లేదు.

ఇత్తడి మందం 1.2కి పెంచమని ఒకరు, ఇత్తడి మానేసి ఉక్కు బందులు పెట్టి పైన రంగెయ్యమని ఇంకొకరు అంటున్నారు. రెండోది నా వల్ల కాదు.

ఇంకో రెండు సందేహాలు. మొత్తం బిగించి తూకం వేస్తే 10.5 కిలోలు వచ్చింది. నాకే బరువనిపిస్తోంది, రోజంతా నడిచినవాళ్ల సంగతేంటి? తర్వాత, ముందుకి వంగితే వెనక నడుం పట్టీల మధ్య సందులు తెరుచుకుంటున్నాయి. వేలు పడుతుంది. తోలు బిగిస్తే వంగలేను, వదిలితే సందులు. ఇందులో కిటుకేమిటి?

ఈ కవచం వేసుకుని కాలవలు తవ్వారు, కోటగోడలు కట్టారు, యుద్ధాలు చేశారు. వాళ్ల బందులు ఎలా ఆగాయండీ?

పనేంలేదు:

తయారుగా ఉన్నవి అమ్ముతున్నారు కదా బ్రదర్. ఒకటి కొనుక్కుని వేసుకుంటే పోయేదానికి చేతులు కోసుకోవడం ఎందుకు?

దాగలి:

@పనేంలేదు, అమ్మే వాటిలో చాలావరకు ఒకే కొలత, ఒకే అచ్చు బందులు, 1.5 దాకా మందం రేకు. వేసుకున్నవాడు తల తిప్పాలంటే నడుం కూడా తిప్పాలి. రాయుడు గారికి కావలసింది అది కాదు.

రాయుడు గారూ, మీ చివరి ప్రశ్నకి జవాబు ముందు చెప్తాను, ఎందుకంటే మిగతావన్నీ దాన్నిబట్టే ఉంటాయి. వాళ్ల బందులు ఆగలేదు. వాళ్లవీ ఊడాయి. రోమన్ సైనికులు ఉన్న చాలా కోటల్లో తవ్వితే, కవచం దొరకకపోయినా దాని ఇత్తడి సామాను దొరుకుతుంది. విరిగిన తమ్మెల బందులు, సగం బకిళ్లు, ఊడిన పట్టీ బిళ్లలు. పట్టీ మీంచి ఊడి నేలమీద పడితే ఎవరూ వంగి వెతుక్కోలేదన్నమాట.

కోర్‌బ్రిడ్జ్ పెట్టె సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1964లో, ఇంగ్లండ్‌లో కోర్‌బ్రిడ్జ్ దగ్గర, హాడ్రియన్ గోడకి కొంచెం దక్షిణాన, నేలలో పూడ్చిన చెక్కపెట్టె దొరికింది. తోలు చుట్టి ఇనుముతో కట్టిన పెట్టె. అందులో కవచాల భాగాలు, బల్లెపు మొనల కట్టలు, పనిముట్లు, మేకులు, గాజు ముక్కలు, పాపిరస్ పీలికలు కూడా ఉన్నాయి. రెండో శతాబ్దం మొదటి సగంలో పూడ్చారు. లండన్ టవర్ ఆయుధశాలలో పనిచేసిన రస్సెల్ రాబిన్‌సన్ వాటిని దగ్గరపెట్టుకుని కవచం ఎలా కూడుతుందో తేల్చాడు. అప్పటిదాకా అందరికీ ముఖ్యమైన ఆధారం రోమ్‌లోని ట్రాజన్ స్తంభం మీది బొమ్మలే, ఆ శిల్పులకి బందు ఎక్కడుండాలన్న పట్టింపు పెద్దగా లేదు.

ఆ పెట్టెలో నాకు అన్నిటికన్నా నచ్చే విషయం ఏమిటంటే, అందులోవి కొత్త కవచాలు కావు. వాడి వాడి అతుకులు వేసినవి. బందు ఊడిన చోట కొత్త బందు పెట్టలేదు, రెండు పలకల్నీ ఒకదానిమీద ఒకటి పెట్టి నేరుగా రివెట్ కొట్టేశారు. ఆ కీలు ఇక కదలదు, అయినా వాడారు. తర్వాత వచ్చిన న్యూస్టెడ్ రకంలో (జేమ్స్ కర్ల్ స్కాట్లండ్‌లో 1905 నుంచి తవ్విన కోట) పలకలు పెద్దవయ్యాయి, ఇత్తడి సోకులు తగ్గాయి, తమ్మెల బందులు పోయాయి. అంటే మీకొచ్చిన విసుగే వాళ్ల కార్ఖానాలకీ వచ్చిందని నా లెక్క.

అలాగని మీ బందులు రెండోసారికే పోవడం మామూలు కాదు. వాళ్లవి ఏళ్లు వాడితే పోయాయి. అది మందం వల్ల కాదు. 1.2 ఇత్తడి పెడితే అంత సన్నగా మడిచేటప్పుడు ఇంకా తొందరగా పగులుతుంది. ఇంకా తగ్గించండి, 0.6 చాలు.

నా అనుమానం మీ రేకు మీద. నగిషీ చెక్కడానికీ గడియారాల పళ్లేలకీ అమ్మే ఇత్తడిలో కొంచెం సీసం కలుపుతారు. రంపం కింద, ఉలి కింద వెన్నలా తెగుతుంది, అంచు చక్కగా వస్తుంది. వంచితే మాత్రం పగులుతుంది. మీరు గీసిన వలయాలు అంత నీటుగా వచ్చాయంటే అదే అయ్యుంటుంది. ఎలా తెలుసుకోవాలంటే, చిన్న పీలిక కోసి, వైసులో పెట్టి, 90 డిగ్రీలు వంచి, వెనక్కి తిప్పండి. సీసం లేని మెత్తటి రేకు ఒకటి రెండు సార్లు ఓర్చుకుంటుంది. మీది మొదటిసారికే నోరు తెరిస్తే ఆ రేకు బిళ్లలకీ ఉంగరాలకీ పనికొస్తుంది, బందులకి వద్దు.

వీలైతే రాగి 80, తుత్తునాగం 20 ఉన్న రేకు తెచ్చుకోండి. లేకపోతే 85, 15. రోమన్లు తుత్తునాగాన్ని విడిగా తీయలేదు. దాని ఖనిజాన్నీ రాగినీ మూసిన మూసలో కలిపి కాల్చేవారు, ఆవిరి రాగిలోకి ఇంకేది. ఆ పద్ధతిలో 28 శాతం దాటి ఎక్కదు, వాళ్ల ఇత్తడిలో ఇరవై దగ్గరే ఎక్కువగా కనబడుతుంది. ఇప్పుడు దొరికే 37 శాతం రేకు పచ్చగా, చల్లగా కనబడుతుంది. 80, 20 రేకు రంగు బంగారానికి దగ్గర. ఇనుము పక్కన పెట్టి చూస్తే ఈ తేడా ఫొటోలో కూడా తెలుస్తుంది.

ఇప్పుడు బందు. నేను చేసే తీరు చెప్తాను, ఇదొక్కటే దారి అనడం లేదు.

రేకు మీద మిల్లులో రోలర్ల కింద సాగదీసినప్పుడు పడిన సన్నటి గీతలుంటాయి, వెలుతురులో పక్కగా పట్టుకుంటే కనబడతాయి. గొట్టం తిరిగే మడత ఆ గీతలకి అడ్డంగా పడేలా ముక్క కొయ్యాలి. మడత గీతల వెంబడే పడితే పగులుకి దారి మీరే వేసినట్టు. రేకు కలిసొస్తుందని అందరూ కోసేది ఆ రెండో దిక్కునే.

కోశాక, రెండు సగాల పళ్లు ఒకదానిలో ఒకటి దూరడానికి గాళ్లు కొయ్యాలి కదా. గాడి మూలలో ముందు 1 మిల్లీమీటరు కన్నం వేసి, రంపం ఆ కన్నంలోకి దిగేలా కొయ్యండి. మూల చురుగ్గా ఉంటే పగులు అక్కడే పుడుతుంది. తర్వాత కాల్చడం. దీపాలు తీసేసి, మంట రేకు మొత్తం మీద తిప్పుతూ ఉండండి. మసక ఎరుపు కనబడగానే మంట తీసెయ్యాలి. నారింజ రంగు దాకా పోతే లోహం లోపలి గింజ పెరిగి, వంచినచోట నారింజ తొక్కలా గరుకు తేలుతుంది. సీసం లేని ఇత్తడిని నీళ్లలో ముంచినా, గాలికి వదిలినా ఫరవాలేదు. సీసం ఉన్నదాన్ని మాత్రం ఎర్రగా ఉండగా నీళ్లలో వెయ్యొద్దు.

ఇక మడత. 2 మిల్లీమీటర్ల తీగ మీద రేకు మధ్యలోకి మడిచి, వెనక తోక ముందు ముఖానికి ఆనేలా నొక్కాలి. సుత్తితో ఒక్కసారిగా కొట్టకండి. వైసు దవడలకి తోలు ముక్కలు పెట్టి సగం దాకా మూయండి, తీసి మళ్లీ కాల్చండి, అప్పుడు పూర్తిగా మూయండి. ఆ మధ్యలో కాల్చడం దగ్గరే అందరూ బద్ధకిస్తారు. ఇత్తడి వంచినకొద్దీ గట్టిపడుతుంది, గట్టిపడింది పగులుతుంది, అందులో రహస్యమేం లేదు. గొట్టం తయారయ్యాక ఆ 2 మిల్లీమీటర్ల తీగ తీసేసి 1.6 తీగ చీలగా వెయ్యండి. వదులుగా ఉండాలి. పట్టుకుని ఊపితే గలగలమనాలి. చీల చివరలు పూర్తిగా కొట్టి బిగించకుండా, జారిపోకుండా ఉండేటంత చప్పిడి చేస్తే చాలు.

అంత చేసినా మీ పలకలు ఒకదానికొకటి వంకరగా నిలబడితే బందు మెలి తిరుగుతుంది. కీలు ఒక్క దిక్కునే తిరగగలదు, మెలిని తట్టుకోలేదు. మెడ పలక వంపు మీ భుజం వాలుకి సరిపోయిందో లేదో అట్టముక్కలతో మళ్లీ చూసుకోండి. లోపల మెత్త వేసుకుని చూడాలి, ఉత్త చొక్కా మీద కాదు. భుజం మీద మెత్త లేకపోతే బరువంతా కాలర్ ఎముక మీదా, ఈ బందుల మీదా పడుతుంది.

బరువు సంగతి లెక్క చూస్తే తేలుతుంది. ఒక చదరపు మీటరు ఇనుము 1 మిల్లీమీటరు మందంలో 7.85 కిలోలు. 1.2 అయితే 9.4. ఒక మనిషి కవచానికి, ఒకదానిమీద ఒకటి పడే అంచులతో కలిపి, ఇంచుమించు అంత రేకే పడుతుంది. అసలు పలకలు 1 మిల్లీమీటరుకి అటూఇటూ. నడుం పట్టీలకి 0.9 వాడి, భుజాల మీద వచ్చేవాటికి మాత్రం 1.2 ఉంచండి, దెబ్బ పడేది అక్కడే. ఒక కిలో, కిలోన్నర దాకా తగ్గుతుంది.

తోలు సంగతి రేపు రాస్తాను, ఇప్పటికే చాలా అయింది.

గొలుసుకట్టు:

దాగలి గారు బందుల గురించి ఇంత రాసేలోపు నేను నాలుగు వరసలు రింగులు కలిపేశాను 😀

గొలుసు కవచంలో పగిలే బందులుండవు, సందులుండవు, మడిచి సంచిలో వేసుకోవచ్చు. సెగ్మెంటాటా మూడో శతాబ్దం తర్వాత దాదాపుగా కనబడదు, హమాటా (గొలుసు కవచం) రోమ్ పోయాక కూడా వందల ఏళ్లు ఉంది. ఎందుకో ఆలోచించుకోండి. అయితే నేను చెప్పనిది కూడా ఒకటుంది. ఒక రింగుకి నాలుగు రింగులు తగలాలి. ఒక వరస అతుకులేని రింగులు, తర్వాతి వరస చివరలు చప్పిడి చేసి, కన్నం వేసి, బుల్లి రివెట్ కొట్టిన రింగులు. మొత్తం పదివేలల్లో ఉంటాయి. రివెట్ లేకుండా ఊరికే నొక్కి మూసిన రింగులతో చేసి దాన్ని రోమన్ కవచం అనేవాళ్లతో నేను మాట్లాడను.

రాయుడు గారికి ఒక మాట. మీకు పలకలే ఇష్టమైతే కొన్నాళ్లు ఈ కవచం పక్కన పెట్టి ఒక చేతి కవచం చెయ్యండి, మనికా. ఇంగ్లండ్‌లోని కార్లైల్‌లో 2001లో ఇనుప పలకలది దొరికింది. రుమేనియాలో ఆడమ్‌క్లిసి స్మారకం మీద సైనికులు గొలుసు, పొలుసుల కవచాల మీద కుడిచేతికి అదే తొడుక్కుని కనబడతారు, డేసియన్ల కొడవలి కత్తి దెబ్బకి భయపడి. సన్నటి పలకలు, లోపల తోలు పట్టీలు, రివెట్లు, అంతే. ఒక్క బందు కూడా లేదు. మీ తోలు సందేహం మొత్తం అందులోనే తీరిపోతుంది. నడుం పట్టీల్లో ఏ తప్పు జరుగుతుందో మోచేతి దగ్గరా అదే జరుగుతుంది, కాకపోతే చిన్న ముక్కల మీద, తక్కువ రేకుతో.

రేకులరాయుడు:

దాగలి గారూ, వైసులో వంచి చూశాను. మొదటిసారికే పగిలింది. నగిషీ రేకే. అమ్మినవాళ్లు బందులకి బ్రహ్మాండంగా ఉంటుందన్నారు, సరే.

దాచుకున్న పాత రేకు ముక్కల్లో రాగి ఎరుపు తగిలేది ఒకటి బయటపడితే, మీరు చెప్పినట్టు మధ్యలో కాల్చి ఒక బందు చేశాను. గలగలమంటోంది. దీన్నే బిగించి రేపు చూస్తాను.

గొలుసుకట్టు గారూ, మనికా ఆలోచన నచ్చింది. కానీ గొలుసు వైపు మాత్రం లాగకండి.

ఇంకొకటి అడగాలి. రేకుకి మెరుగు ఎంతదాకా పెట్టాలి? అద్దంలా తోమినవాళ్ల ఫొటోలు చూస్తే నాది కొలిమిలోంచి ఇప్పుడే లేచొచ్చినట్టుంది. అలాగే బకిళ్లకి కళాయి వేసేవారని చదివాను. అన్నిటికీనా?

లక్కదిమ్మ:

మెరుగు, కళాయి అనేసరికి నేనొచ్చాను. నేను చేసేది శిరస్త్రాణాలు, ముఖ్యంగా గుర్రపు దళం వాళ్ల ముఖం తొడుగులు. 1796లో ఇంగ్లండ్‌లోని రిబ్‌చెస్టర్‌లో దొరికి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉందే, ఆ బాపతు. లక్క, ఇటుకపొడి, నూనె కలిపిన దిమ్మ మీద రేకు బోర్లించి, వెనక నుంచి మొద్దు పోగరతో ఉబ్బెత్తు చేసి, తిప్పి ముందు నుంచి గీతలు తీర్చడం. ఆ పనిలో మెరుగు పెట్టాలి, ఎందుకంటే అది పదిమంది చూడటానికి చేసిన సరుకు. జర్మనీలోని కాల్‌క్రీస్‌లో దొరికిన ముఖం తొడుగు ఇనుముదే, పైన వెండి రేకు తొడిగారు. ఆ వెండిని ఎవరో కోసుకుపోగా అంచుల్లో పీలికలు మిగిలాయి.

మామూలు సైనికుడి పలకలకి అద్దం మెరుగు నాకు నచ్చదు. వాళ్ల ఇనుము చిన్న కొలిమిలో తీసింది, లోపల చిట్టెం గీతలుంటాయి. మీ రోల్డ్ స్టీలులో అవి లేవు, అందుకని ఎంత తోమితే అంత మెరుస్తుంది. ఎమెరీ గుడ్డ 240 నంబరు దాకా పోయి, నూనెలో ముంచిన సన్న ఇసుకతో ఒకే దిక్కున రుద్ది ఆపేస్తే ఒక బూడిదరంగు వెలుగు వస్తుంది. అది చాలు. బఫ్ చక్రం జోలికి పోకండి, చక్రం పెడితే అంచులన్నీ గుండ్రంగా అరిగిపోతాయి. సుత్తి గుర్తులు కావాలని వదిలేవాళ్లున్నారు, అదీ వేషమే. చేతనైనంత చదును చెయ్యండి, మిగిలింది మిగులుతుంది.

కళాయి అన్నిటికీ కాదు. ఇత్తడి సామానులో కొన్నిటికి తగరం పూత కనబడుతుంది, కొన్నిటికి లేదు. ఒక కవచంలో రెండూ కలపడం కన్నా ఏదో ఒకటి అనుకోవడం మేలు. వేసేటట్టయితే బందు పూర్తిగా మడిచాక, చీల వెయ్యకముందు, పలకకి రివెట్ కొట్టకముందు వెయ్యండి. మడవకముందు వేస్తే మధ్యలో కాల్చలేరు, తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, మీ మసక ఎరుపు దాకా రానే రాదు. ముక్కని వేడి చేసి, నవసాగరం జల్లి, తగరం కడ్డీ తాకించి, నూలుగుడ్డతో ఒక్కసారి తుడవాలి. గొట్టం లోపలికి తగరం పోతే పళ్లు అతుక్కుపోతాయి, అందుకని గొట్టంలో తడి సుద్ద పూసి ఆరనివ్వండి. నవసాగరం పొగ మంచిది కాదు, బయట చెయ్యండి. అయ్యాక వేడి నీళ్లతో బాగా కడక్కపోతే నాలుగు రోజుల్లో పక్కన ఉన్న ఇనుము తుప్పెక్కుతుంది.

దాగలి:

లక్కదిమ్మ గారు సుద్ద సంగతి చెప్పి మంచిపని చేశారు, అది చాలామంది చెప్పరు.

రాయుడు గారూ, ఇక తోలు. వంగినప్పుడు సందులు తెరుచుకోవడానికి కారణం తోలు వదులు కాదు, పలకలు ఒకదానిమీద ఒకటి ఎంత మేర పడ్డాయన్నది. మీరు చెప్పలేదు గానీ, ఒక సెంటీమీటరో ఒకటిన్నరో పెట్టుంటారు. పై పట్టీ కింది పట్టీ మీదికి వస్తుంది కదా, నిలబడినప్పుడు పట్టీ వెడల్పులో మూడోవంతు దాకా లోపల దాగి ఉండాలి. వెనక్కి వంగినా ముందుకి వంగినా ఆ దాగిన భాగమే బయటికొస్తుంది. మీ పట్టీల వెడల్పు తక్కువైతే ఇంకొక పట్టీ కలపండి. మీ 'ఏ' (A) రకంలో ఎక్కువే ఉంటాయి, ఒక్కో పక్కకి ఏడో ఎనిమిదో. న్యూస్టెడ్‌లా తక్కువ సంఖ్యలో పెద్ద పలకల లెక్కన కొయ్యకండి.

సగానికి మూడు తోలు పట్టీలు. వీపు దగ్గర ఒకటి, పక్కన చంక కింద ఒకటి, ముందు ఒకటి. మూడింటి పొడవూ ఒకటి కాదు. కవచం బల్ల మీద పరిచి కొలిస్తే మూడూ సమానంగా వస్తాయి, చాలామంది అలాగే కొట్టేస్తారు. మనిషి ఎక్కువ వంగేది ముందుకి, కాబట్టి వెనక పట్టీకి పలకకీ పలకకీ మధ్య ఎక్కువ వదులు కావాలి, ముందు పట్టీకి తక్కువ. పక్కది రెండిటికీ మధ్యన. వెనక వదులెక్కువైతే సందులు వస్తాయేమో అనిపిస్తుంది. అంచు తగినంత కప్పితే రావు. ఎవరికైనా మెత్త తొడిగి, పట్టీల్ని కాగితం టేపుతో అతికించి, వాళ్లని కూర్చోబెట్టి, వంచి, నేలమీద వస్తువు తీయించి, అప్పుడు తోలు మీద గుర్తులు పెట్టుకోండి. నిలబెట్టి పెట్టిన గుర్తులు పనికిరావు.

రివెట్ తోలు వైపు కొట్టేటప్పుడు వాషర్ తప్పకుండా వెయ్యండి. ఇత్తడి రేకులోంచి చదరంగా కోసిన బుల్లి ముక్క చాలు. అది లేకపోతే రివెట్ తల తోలులోంచి దూరి బయటికొచ్చేస్తుంది. కన్నం తోలుకి గుండ్రటి కన్నం వేసే పంచ్‌తో వెయ్యాలి, కత్తి మొనతో చీలిస్తే చీలిక పెరుగుతుంది. ఇనప పలక లోపలి అంచులన్నీ ఆకురాయితో నున్నగా చేశాకే తోలు పెట్టండి. వేలు పెట్టి రుద్దితే గీసుకోకూడదు. తోలు తెగేది బరువుకి కాదు, ఆ అంచు కోతకి.

ఇంకో మాట, మీది బెరడుతో పదును చేసిన తోలు. అది ఇనుముకి తగిలినచోట నల్లబడుతుంది, ఇత్తడి రివెట్ల చుట్టూ పచ్చటి చిలుము పడుతుంది. రెండూ మామూలే. చిలుము కనబడితే పుల్లతో గీకి తీసెయ్యండి, నూనె ఎక్కువ పట్టించి దాన్ని పెంచకండి. తోలుకి కొవ్వు తక్కువ, ఇనుముకి తేనెమైనం ఎక్కువ. పలక గోరువెచ్చగా చేసి మైనం రుద్దితే లోపలికి పడుతుంది. చెమటతో విప్పాక అలాగే పడేస్తే రాత్రికి రాత్రే తుప్పు వస్తుంది, లోపలి వైపు ముందు తుడవాలి.

నాలుగు భాగాలుగా విప్పి పెట్టుకోండి. రెండు భుజాలవి, రెండు నడుంవి. నడుం భాగం తోలు మీద కిందికి జారి విసనకర్ర మూసినట్టు కుదించుకుంటుంది. అలా కుదించుకుంటే మీ తోలు కొలతలు సరిగ్గా ఉన్నట్టు. మధ్యలో ఏదైనా పట్టీ తట్టుకుని నిలబడిపోతే దాని రివెట్ ఒక్కటి తీసి ఆ గుర్తు ఒక అర సెంటీమీటరు జరపండి, మొత్తం విప్పక్కర్లేదు.

రేకులరాయుడు:

కప్పే మేర కొలిచాను. 12 మిల్లీమీటర్లు, మీరు అన్నట్టే. 0.9 రేకుతో నడుం పట్టీలు మళ్లీ కోస్తున్నాను, ఈసారి ఎనిమిది. పాత 1.2 పట్టీలు కోసి మనికాకి వాడుకోవచ్చా, లేక చేతికి మరీ బరువవుతుందా?

గొలుసుకట్టు:

బరువవుతుంది. 0.9 ముక్కలు మిగులుతాయి కదా, అవి వాడండి. ఆ 1.2 పట్టీల్లోంచి పై భుజం పలకలు కోసుకోండి. వంపు ఎలాగూ వచ్చే ఉంటుంది, చదును చేసే పని కొంచెం ఉంటుంది.